దౌరా, డేరా, కాపురము

తార్నాక కూడలినుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములోనికి పోవు బాటమీద వేకువజామున కలసి నడచుచున్న దంపతులను చూచువారికి, ఆలుమగలు ఇల్లు వదలి ఆరుబయట తిరుగుట మనలో అనాదిగా ఉన్న ఆచారమే యని తోపవచ్చును. నిజమునకు ఇది మిక్కిలి క్రొత్త మర్యాద. మన తాతముత్తాతల కాలమున భార్యాభర్తలు జంటగా దూరప్రయాణము చేయుటకు సంఘము సంతోషముగా అంగీకరించిన కారణము ఇంచుమించు ఒక్కటే, అది పుణ్యము. కొంగులు ముడివేసికొని గోదావరిలోనో గంగలోనో మునుగుటకు పోవచ్చును గాని, కొండనో కోననో చూడవలెననియు, అచ్చటి మనుష్యులు ఏమి తిని ఎట్లు బ్రదుకుచున్నారో తెలిసికొనవలెననియు బయలుదేరిన దంపతుల కథ మన పాత గ్రంథములలో వెదకినను దొరకుట కష్టము. సీతారాములు పదునాలుగేండ్లు అడవులలో తిరిగిరి గదా యందురేమో. అది శిక్ష, విహారము కాదు. ఐనను శిక్షయే విహారముగను, విహారమే విద్యగను మారిన ఒక దాంపత్యము ఇరువదవ శతాబ్దమున ఈ హైదరాబాదు సంస్థానములోనే జరిగినది. దాని జాడ ఈ విశ్వవిద్యాలయ చరిత్రలోను కొంత మిగిలియున్నది.

ఆ కథకు ముందు, అదే బాటలో పోయిన పూర్వికుల ప్రసంగము కొంత అవసరము. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణము వదలి, పెద్ద పరివారముతో, పల్లకీలతో, బోయీలతో హైదరాబాదు మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగి యిల్లు చేరిరి. ఆయన వ్రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చుపడినది. మజిలీ మజిలీకి నీటివసతిని, అంగళ్ళను, బాటల మంచిచెడ్డలను అంత శ్రద్ధతో గుర్తుపెట్టి వ్రాసిన ఆ గ్రంథము నేటికిని చరిత్రకారులకు గని. హైదరాబాదునుండి నాగపురమునకు పోవు ఆ బాట నిర్మలమీదుగా, ఆదిలాబాదు మీదుగా అడవుల నడుమబడి పోవును. యాత్రికునకు అడవి యనగా దాటవలసిన చోటు. దొంగలకును పులులకును చలిజ్వరమునకును చిక్కక ఎంత త్వరగా దాటిన అంత మేలు. మనము చెప్పబోవు దంపతులు సరిగా ఆ దాటవలసిన సీమలోనే, నూట పదేండ్ల తరువాత, పొయ్యి పెట్టుకొనిరి.

యాత్రికుని తరువాత అడవికి వచ్చినవాడు సర్కారు నౌకరు. నిజాము రాజ్యమున అతని పర్యటనకు దౌరా యని పేరు. తాలూకాదారు మొదలు గిర్దావరు వరకు, పోలీసు అమీను మొదలు జంగలాతు చౌకీదారు వరకు, ఎవరి అంతస్తునుబట్టి వారు దౌరా చేసెడివారు. పెద్దవారికి డేరాలు, చిన్నవారికి పటేలుగారి వసారా. డేరా దిగిన ఊరికి ఆ రెండు దినములు శనిపట్టినట్లే: బండ్లు వెట్టికి తోలవలెను, కట్టెలు వెట్టికి కొట్టవలెను, కోళ్ళు, పాలు, నేయి, గడ్డి యన్నియు ఊరివారే సమకూర్చవలెను. మైదానపు గ్రామములలో ఈ భారము కులములవారీగా పంచబడియుండగా, గూడెములలో పంచుకొనుటకు వేరే కులములు లేవు గనుక మొత్తము గూడెముమీదనే పడెడిది. కావుననే అడవిజనులు తెల్లని గుడారపుగుడ్డ దూరమునుండి కనబడగానే పిల్లలను తీసికొని పొదలలోనికి తప్పుకొనెడివారు. ఆ దౌరాలలో అధికారుల ఇల్లాండ్రు సాధారణముగా వెంట నుండెడివారు కారు. అధికారము ఒంటిగా తిరిగినంతకాలము అడవిలోని ఆడువారు ఆ డేరాల దరికి రాలేదు. వారి మాట ఏ రికార్డులోను ఎక్కలేదు.

ఇక మన దంపతులు. క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టినవాడు. మానవశాస్త్రము అభ్యసించి, లండనులో మాలినోవ్‌స్కీ వద్ద కొంతకాలము శుశ్రూష చేసి, 1936లో నాగాకొండలకు వచ్చి అచట ఏడాదికి పైగా ఒంటరిగా తిరిగి, ఇంటికి పోయి గ్రంథము వ్రాసి పేరు తెచ్చుకొనెను. 1938లో బెట్టీ ఎలిజబెత్ బార్నార్డో అను ఆంగ్లవనితను పెండ్లాడెను. 1939లో ఇరువురును భారతదేశమునకు వచ్చిరి. ఇంతలో యుద్ధము విరుచుకొని పడెను. ఆస్ట్రియా అంతకు ముందేడు జర్మనీలో కలిసిపోవుటచే ఆయన చేతనున్నది జర్మనుల పాస్‌పోర్టు. ఆంగ్ల ప్రభుత్వమునకు ఆయన శత్రుదేశస్థుడు. తక్కిన శత్రుదేశస్థులను కంచెలలో పెట్టిన ప్రభుత్వము ఈయనను హైదరాబాదు సంస్థానపు ఎల్లలు దాటకూడదను నిర్బంధముతో విడిచెను. నిజాము కొలువులో రెవెన్యూ వ్యవహారములు చూచు సర్ థియొడోర్ టాస్కరును, తరువాత ఆ పదవిని వహించిన గ్రిగ్సనును ఆయనకు అండగా నిలిచిరి. వీరిలో గ్రిగ్సను బస్తరులోని మారియా గోండులను గూర్చి 1938లో పెద్ద గ్రంథము ప్రకటించిన పండితుడు. ఈ విధముగా ఎనుబదిరెండువేల చదరపు మైళ్ళ చెరసాల ఒకటి ఈ దంపతులకు దొరకెను. దానిలో నల్లమల కలదు, గోదావరి కలదు, సహ్యాద్రి శాఖలును కలవు.

అదే 1939 డిసెంబరు 4వ తేదీన ఏడవ నిజాము అడిక్‌మెట్ గుట్టలమీద ఆర్ట్సు కళాశాల మహాభవనమును ప్రారంభించెను. ఆ భవనమునకు నమూనా వెదకుటకై జైన్‌యార్ జంగు, సయ్యద్ అలీ రజా అను ఇద్దరు వాస్తునిపుణులను ప్రభుత్వము దేశదేశములు త్రిప్పి, చివరకు ఎర్నెస్ట్ జాస్పర్ అను బెల్జియము దేశపు వాస్తుశిల్పిని కూర్చుకొనెను. గులాబివన్నె గ్రానైటు రాతిమీద అజంతా, ఎల్లోరా, అరబ్బు రీతులను ఒకచోట కలిపిన ఆ భవనము ఒక ప్రపంచయాత్రకు ఫలము. ఆనాడు దాని చుట్టును నున్నవి బండరాళ్ళు, సీతాఫలపు పొదలు, కొంచెము దూరమున లాలాగూడ రైలు కార్ఖానా పొగగొట్టములు. తార్నాక పట్టణములో చేరలేదు. ఇంతకు ఆ సీతాఫలపు చెట్టును, మన వంటయింటి మిరపకాయయు, చేలలోని మక్కజొన్నయు మెక్సికో మొదలైన అమెరికా సీమలనుండి పోర్చుగీసువారి ఓడలెక్కి వచ్చి మనవైపోయినవే. నాలుగువందల యేండ్లలో వానిని పరదేశివని ఎవ్వరును ఎంచలేదు. మొక్కలకు దొరకినంత సులభముగా మనుష్యులకు ఆ పౌరసత్వము దొరకదు. ఈ దంపతులకు మాత్రము తరువాత దొరకినది.

మొదటి మజిలీ అమ్రాబాదు పీఠభూమి, 1940. చెంచులు మాటలాడునది తెలుగే గనుక భాషకు అంత ఇబ్బంది లేదు. ఇబ్బంది స్థిరత్వములేమి. చెంచుల నివాసమునకు పెంట యని పేరు: కొన్ని గుండ్రని గుడిసెలు, మీద గడ్డికప్పు. నీరెండినను, దుంపలు తరిగినను, తగవు వచ్చినను పెంట లేచిపోవును. ఒక్కచోట కూర్చుండి ప్రశ్నలు వ్రాసికొనువానికి అచట పనిలేదు. లేచిపోయిన పెంట వెంట తానును లేచిపోవలెను. దంపతులు అట్లే చేసిరి. ఆ సహవాసముచే తెలిసిన విషయములలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచునది చెంచు దాంపత్యమును గూర్చినది. ఆ సమాజమున తిండి సంపాదించు ఘటకము వంశము కాదు, గుంపు కాదు, ఆలుమగల జంట. ఇద్దరును త్రవ్వుకోల భుజాన వేసికొని పోదురు, ఇద్దరును త్రవ్వుదురు, మగని పెంటలో నుండవలెనా ఆలి పెంటలో నుండవలెనా యనునది వారి యిష్టము. కొండచరియనుండి త్రాటిమీద వ్రేలాడుచు తేనెపట్టు కోయు చెంచువానిని పైనుండి కాచువాడు సోదరుడు కాడట, బావమరదియట. తన తోడబుట్టినదాని బ్రదుకు ఆ త్రాటికి కట్టియున్నది గనుక అతడు ఏమరడని వారి నమ్మకము. మైదానములో పురాణములు చదివి పతివ్రతాధర్మములు చెప్పుకొను మనకు ఈ అడవిజంట సమానత్వము వింతగా నుండును. గారెల మైసమ్మను కొలిచి, దొరకినదానిలో మొదటి పిడికెడు ఆమెకు వేసి, తక్కినది పంచుకొని తినుటయే వారి గృహస్థాశ్రమము. చెంచులను గూర్చిన గ్రంథము 1943లో వెలువడినది.

రెండవ మజిలీ గోదావరి తీరము. పాపికొండల నడుమ నది యిరుకై, లోతై, నల్లనై పారుచోట ఇరుగట్టుల కొండలమీద కొండరెడ్ల ఊళ్ళుండును. ఏటిదరి ఊళ్ళకు పడవమీద చేరవచ్చును. పైయూళ్ళకు ఆనాడు నడక తప్ప వేరు సాధనము లేకుండెను. పోడు నరికి, కాల్చి, బూడిదలో జొన్నయు సామయు చల్లుకొను ఈ జనులు వేసవిలో జీలుగుచెట్టుమీద ఆధారపడుదురు. దాని కల్లు త్రాగుదురు, దాని మొదటి దవ్వను దంచి పిండి చేసికొందురు. ఏటిగట్టుకు దిగివచ్చిన రెడ్ల గతి వేరు. వెదురు, కలప వర్తకులు బయానా రూపమున అప్పు పెట్టి, తీరని లెక్కలు చూపి, తండ్రి అప్పుక్రింద కొడుకును నరకుడుపనికి కట్టివేసెడివారు. పైకొండమీది రెడ్డి పేదవాడు గాని స్వతంత్రుడు; క్రిందిగట్టు రెడ్డి చేతిలో అప్పుడప్పుడు రూపాయి కనబడును గాని అతడు బానిస. ఈ తారతమ్యమును దంపతులు పడవ దిగి కొండయెక్కి, మరల కొండదిగి పడవయెక్కి తెలిసికొనిరి. 1945లో వెలువడిన ఆ గ్రంథపు ముఖపత్రముమీద భర్తపేరు క్రింద, ఎలిజబెత్ సహకారముతో, అని యున్నది.

ఆ సహకారమను మాటలో ఎంత యిమిడియున్నదో ఊహించుటకు డేరా జీవితము కొంచెమైనను తెలియవలెను. ఎడ్లబండ్లమీద గుడారము, మంచములు, లాంతర్లు, క్వినైను సీసాలు, నెలకు సరిపడు బియ్యము, ఉప్పు. బండి పోని చోట కావళ్ళు. మజిలీ చేరగానే నీరెక్కడ, కట్టెలెక్కడ, ఏ చెట్టుక్రింద నీడ సాయంకాలము వరకు నిలుచును అను ప్రశ్నలు. ఇవి పరిశోధనకు సంబంధము లేని చిల్లరపనులని పండితులు అనుకొందురు. కాని నీటికొరకు చెలమకు పోయినవారికే ఆ చెలమ ఎవరిది, దానిని ఎవరు ముట్టవచ్చును, ఎవరు ముట్టరాదు అను రహస్యము తెలియును. ఉప్పు ఇచ్చి దుంపలు మార్చుకొన్నవారికే సంతలో సాహుకారు ఎట్లు మోసగించుచున్నాడో తెలియును. పురుషుడొక్కడు కలము కాగితము పట్టుకొని కూర్చుండిన అతనివద్దకు పటేలు వచ్చును, పూజారి వచ్చును, నలుగురు ముసలివారు వచ్చి వంశావళులు చెప్పుదురు. ప్రసవమును గూర్చి, బిడ్డ పోయిన తల్లిని గూర్చి, మగనిని వదలివచ్చిన పడుచును గూర్చి అతనికి చెప్పువారెవరు? పొయ్యివద్ద కూర్చున్న మరియొక ఆడుదానితో చెప్పుదురు. డేరాలో ఇల్లాలు కనబడిన క్షణముననే ఆ డేరా సర్కారు దౌరా కాదని గూడెమునకు తెలిసెడిది. నా యభిప్రాయమున ఈ యాత్రల రహస్యమంతయు ఇందులోనే యున్నది: ఇది సాహసయాత్ర కాదు, తరలుచున్న కాపురము. భర్త గ్రంథకర్త యయ్యెను, భార్య సహకారి యయ్యెను. ముఖపత్రముల న్యాయము అట్టిది.

మూడవ మజిలీ యైన ఆదిలాబాదు గోండుసీమయే చిట్టచివరి మజిలీ కూడ నైనది. 1940లో జోడేఘాటువద్ద, తిరుగుబాటు చేసిన గోండు నాయకుడు కుమురం భీము పోలీసుల కాల్పులలో కూలిపోయెను. రిజర్వు అడవుల పేరిట గోండులు దున్నుకొన్న నేలలను సర్కారు లాగికొనుట, పట్టా కాగితమనిన ఏమో యెరుగని వారి భూములను మైదానమునుండి వచ్చినవారు తమ పేర వ్రాయించుకొనుట, జంగలాతు నౌకరుల మామూళ్ళు, గుడిసెలకు నిప్పు. ఇవి ఆ తిరుగుబాటునకు కారణములు. కాల్పుల తరువాత ప్రభుత్వమునకు కారణములు తెలిసికొనవలెనను బుద్ధి పుట్టెను. ఆ పని హైమన్‌డార్ఫునకు అప్పగించిరి. కాజీపేటనుండి బల్లార్షాకు 1929లో పూర్తియైన రైలుమార్గముమీద ఆసిఫాబాదు రోడ్డు స్టేషనులో దిగి, అచటినుండి పడమటికి బండిబాట పట్టి కొండలెక్కిన, మార్లవాయి యను చిన్న గోండు ఊరు. అచ్చట దంపతులు గోండుల యిండ్ల మాదిరిగానే వెదురుతడికలు, మట్టి, గడ్డితో ఇల్లు కట్టించుకొని కాపురముండిరి. ఊరి పటేలు లచ్చు వారికి ఆప్తుడయ్యెను. హైమన్‌డార్ఫు గోండీ నేర్చెను. గోండుల గాయకులైన ప్రధానులు కింగ్రీ వాయించుచు పాడు, వంశదైవమైన పెర్సాపేను కథలను వ్రాసికొనెను. ఆశ్వయుజమున పంటలకు ముందు దండారి కట్టి, నెమలిఈకల కిరీటములు ధరించిన గుస్సాడీలతో ఒక ఊరివారు మరియొక ఊరికి అతిథులై పోయి రాత్రులు ఆడిపాడు ఆచారమును చూచెను. ఊరు ఊరంతయు ఆటపాటలతో పయనమై పోవు ఆ జనులముందు, ఇద్దరు దొరలు రెండు బండ్లమీద తిరుగుట పెద్ద వింత కాదనుకొందును.

1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము నెలకొల్పబడెను. గోండీలో వాచకములు నాగరిలిపిలో అచ్చొత్తించిరి. ఇచ్చట ఒక్కమాట చెప్పక తప్పదు. స్వభాషలో ఉన్నతవిద్య యను సిద్ధాంతమును చాటి 1918లో వెలసినది ఉస్మానియా విశ్వవిద్యాలయము. ఆ సిద్ధాంతము మహోన్నతమైనదే. కాని ఆ గౌరవము దక్కినది ఉర్దూకు. రాజ్యములో అత్యధికుల భాషలైన తెలుగు, మరాఠీ, కన్నడములు ద్వారమువద్దనే నిలిచిపోయినవి. అడిక్‌మెట్ గుట్టలమీద అన్ని లక్షల రూకలు వెచ్చించి కట్టిన మహాసౌధములో తెలుగునకు దొరకని మర్యాద మార్లవాయి పూరిపాకలో గోండీకి దొరకినదనిన, విద్యావిషయమున డేరా కొన్నిమారులు సౌధముకంటె ముందు నడచునని ఒప్పుకొనవలెను. మరాఠీ చరిత్రకారుడుగా ప్రసిద్ధికెక్కిన సేతుమాధవరావు పగడీగారు ఆ రోజులలో నిజాము కొలువులో నుద్యోగియై, తానును గోండీ నేర్చి, ఆదిలాబాదు గోండులను గూర్చి వ్రాసెను.

1945లో హైమన్‌డార్ఫు నాలుగు నివేదికలను ఒక సంపుటముగా ప్రకటించెను. నిజాము ప్రభుత్వమునకు గిరిజనుల విషయమున సలహాదారుడుగా నియుక్తుడై 1949 వరకు ఆ పదవిలో నుండెను. ఆ యేండ్లలోనే ఉస్మానియా విశ్వవిద్యాలయమున మానవశాస్త్రమును బోధించెను. 1946లో, ఫసలీ 1356లో, గిరిజన ప్రాంతముల నిబంధన వెలువడెను. ఆదిలాబాదు జిల్లాలో దాదాపు లక్షా అరువదివేల ఎకరములకు గిరిజనుల పేర పట్టాలు చేతికందెను. కెస్లాపూరు నాగోబా జాతరలో అధికారులు వచ్చి కూర్చుండి గోండుల మొరలను అచ్చటికచ్చటనే వినవలెనను దర్బారు పద్ధతి ఆ దశకముననే మొదలయ్యెను. పూర్వము దౌరా వచ్చిన గూడెము పారిపోయెడిది. ఇప్పుడు గూడెములే జాతరకు వచ్చి, దౌరాను ఒకచోట కూర్చుండబెట్టి ప్రశ్నించుచున్నవి.

దీనినిబట్టి ఈ దంపతులను దేవతలను చేయనక్కరలేదు. ఆయన జీతము తీసికొన్నది నిరంకుశ ప్రభువువద్ద. మైదానపు తెలంగాణమున వెట్టికిని జాగీర్లకును వ్యతిరేకముగా రైతులు ప్రాణములొడ్డుచున్న సంవత్సరములలోనే కొండలమీద ఆ ప్రభువు పేర పట్టాలు పంచిరి. ఒక చేతితో కాల్చి, మరియొక చేతితో కట్టుకట్టుట ప్రభుత్వములకు తెలిసిన విద్యయే. భీము ప్రాణమియ్యకున్న ఆ సలహాదారుని పదవి పుట్టియుండునా యన్న ప్రశ్నకు సమాధానము స్పష్టము. ఐనను, పైవారి మనస్సు మారిన ఆ కొద్ది సంవత్సరములలో ఏమి చేయవలెనో తెలిసినవారు ఇద్దరు ముందే ఊరిలో కాపురముండుట గోండుల భాగ్యము.

యుద్ధపు వత్సరములలో భూగోళమున కావలి ప్రక్కన ఇట్టిదే మరియొక జంట కూడినది. దీనిని చెప్పకున్న మన జంట విశేషము సంపూర్ణముగా బోధపడదు. మెక్సికో దక్షిణ కొసన చియాపాసు అను రాష్ట్రమున లకండోనులను అడవిజాతి కలదు. కొన్ని వందలమంది మాత్రమే, తెల్లని నూలు అంగీలు, భుజములమీద పడు జుట్టు, అడవి నరికి కాల్చి మక్కజొన్న పండించు సేద్యము. మన కొండరెడ్ల పోడునకు అది తోబుట్టువు. ఫ్రాన్సు దేశపు యువదంపతులు జాక్, జార్జెట్ సుస్టెల్‌లు 1932లో మెక్సికో చేరి ఆ యడవులలో తిరిగిరి. భర్త 1936లో తన యాత్రాగ్రంథమును ప్రకటించెను, భార్య తరువాత తన పేరనే పరిశోధనలు ప్రకటించెను. వారికంటె మన కథకు దగ్గరివారు ఫ్రాన్స్ బ్లోమ్, గెర్ట్రూడ్ డూబీలు. ఆయన కోపెన్‌హాగెనులో పుట్టిన పురాతత్త్వవేత్త. ఆమె స్విట్జర్లాండు వనిత. నాజీలను ఎదిరించి, ఐరోపా విడిచి 1940లో మెక్సికో చేరినది. 1943లో, మార్లవాయిలో బడి తెరచిన సంవత్సరముననే, లకండోను అడవిలో వారిరువురు కలసికొనిరి. తరువాత కంచరగాడిదలమీద, గుఱ్ఱములమీద ఆ యడవినంతయు కలసి తిరిగి, పటములు గీసి, రెండు సంపుటముల గ్రంథము వ్రాసిరి. 1950లో సాన్ క్రిస్టోబల్ పట్టణమున పాతయిల్లు కొని, దానికి నా బోలోమ్ అని పేరిడి, అడవినుండి పట్టణమునకు వచ్చిన లకండోనులకు ఆ యింట విడిది ఏర్పరచిరి. 1963లో బ్లోమ్ చనిపోయిన పిమ్మట ఆమె ముప్పదియేండ్లు ఆ యింటనే యుండి, మహాగని చెట్లు నరకు కాంట్రాక్టర్లతో పోరాడుచు, పెరటిలో మొక్కలు పెంచి అడిగినవారికి ఉచితముగా పంచిపెట్టినది.

అచ్చట మహాగని, ఇచ్చట టేకు. అచ్చట ఐరోపానుండి తరుమబడిన వనిత, ఇచ్చట ఐరోపా పాస్‌పోర్టుచే బంధితుడైన పురుషుడు. పోలికలింతవరకు సరి, భేదము మాత్రము నాకు ముఖ్యముగా తోచుచున్నది. మెక్సికోలో కార్దెనాసు అధ్యక్షుడై యున్న 1934–40 సంవత్సరములలో గ్రామసమష్టికి భూములు పంచు మహాకార్యము జాతీయ విప్లవఫలముగా జరిగినది. బ్లోమ్ దంపతులకు భూమి పంపిణీతో పని లేకపోయెను, వారు చిత్రము తీయువారై, సాక్షులై, తుదకు వనరక్షకులై నిలిచిరి. హైదరాబాదులో అట్టి విప్లవము పైనుండి రాలేదు గనుక ఒక మానవశాస్త్రజ్ఞుడు ఫైళ్ళు మోసి, నిబంధనలు వ్రాసి, పట్టాలు ఇప్పింపవలసివచ్చెను. పండితుడు ఏ పని చేయవలెనో అతడు కాపురమున్న దేశమే నిర్ణయించును.

హైమన్‌డార్ఫు దంపతులు 1944–45లలో కొంతకాలము ఈశాన్యసీమకు పోయి ఆపాతానీల లోయను చూచివచ్చిరి. 1949లో లండనుకు పోయిరి. ఆయన అచ్చటి ప్రాచ్య విద్యాపీఠమున ఆచార్యుడయ్యెను. తరువాతి పెక్కేండ్లు నేపాళము, షేర్పాలు, మంచుకనుమలు. నడక మానలేదు, ఇద్దరును కలసి నడచుట మానలేదు. వేలకొలది ఛాయాచిత్రములును చలనచిత్రపు చుట్టలును లండనులో భద్రముగా నున్నవి.

వారు విడిచిపోయిన తరువాత ఉస్మానియాలో ఆ త్రోవ పూడిపోలేదు. శ్యామాచరణ్ దూబేగారు ఇచట ఆచార్యుడై, 1951లో విశ్వవిద్యాలయపు అధ్యాపకులను, విద్యార్థులను వెంటబెట్టుకొని శామీర్‌పేట మొదలగు గ్రామములకు పోయి, సమాజసేవా విస్తరణ ప్రణాళిక నడపెను. వ్యవసాయము తెలిసినవాడు పొలమునకు, వైద్యుడు రోగులవద్దకు, సమాజశాస్త్రజ్ఞుడు రచ్చబండకు పోయిరి. దాని ఫలమైన గ్రంథము 1955లో వెలువడి, భారతీయ గ్రామమును గూర్చి లోకమంతట చదువబడినది. మన శామీర్‌పేట ఈ విధముగా దేశదేశముల తరగతి గదులకెక్కినది. ఆయన భార్య లీలా దూబేగారును మానవశాస్త్రజ్ఞురాలే. గోండు స్త్రీలను గూర్చి పరిశోధించి, పిమ్మట లక్షద్వీపముల మాతృవంశ కుటుంబములను గూర్చి 1969లో స్వంత గ్రంథమును ప్రకటించి, స్త్రీవిషయక శాస్త్రమునకు ఈ దేశమున పునాది వేసినవారిలో ఒకరైనది. సహకారము అను చిన్నయక్షరముల పంక్తినుండి గ్రంథకర్త్రి యను పెద్దయక్షరముల పంక్తికి ఎక్కుటకు ఒక తరము పట్టినది.

1970వ దశకమున హైమన్‌డార్ఫు దంపతులు మరల ఆదిలాబాదు వచ్చి చూచిరి. బస్సుబాటలు పడినవి, బాటలవెంట మైదానపు రైతులు, వర్తకులు వచ్చినారు, ముప్పది యేండ్లక్రిందట పంచిన నేలలలో ఎన్నియో అప్పులక్రిందను, కౌలు పేరిటను, నేరుగా దౌర్జన్యముచేతను చేతులు మారినవి. 1979లో, మరల భార్యసహకారముతో, ఆంధ్రప్రదేశ్ గోండులను గూర్చియు, 1982లో దేశమందలి గిరిజనుల బ్రదుకుపోరాటమును గూర్చియు ఆయన వ్రాసిన గ్రంథములలో పూర్వపు ప్రసన్నత లేదు, కోపము కలదు. 1981 ఏప్రిలులో ఇంద్రవెల్లిలో భూమికొరకు కూడిన గోండులమీద పోలీసులు కాల్పులు జరిపిరి. జోడేఘాటునుండి ఇంద్రవెల్లికి దూరము కొద్దినాళ్ళ బండిప్రయాణము. కాలము నలువది యేండ్లకు పైగా.

బెట్టీ ఎలిజబెత్ 1987 జనవరి 11న హైదరాబాదులోనే కన్నుమూసినది. ఆమె కోరికమీద మార్లవాయిలో సమాధి చేసిరి. భర్త 1995లో లండనులో చనిపోయెను; ఆయన అస్థులను కుమారుడు 2012లో తెచ్చి ఆమె ప్రక్కన నిక్షేపించెను. ఏటేట జనవరి 11న ఆ ఊరివారు సమాధులవద్ద కూడి తమ ఆచారప్రకారము పూజ చేయుదురు. అధికారులును వత్తురు, ఉపన్యాసములును జరుగును. ప్రాంగణమునుండి పోదలచిన విద్యార్థులు ఆ దినమున పోవచ్చును గాని, నాకైతే మరికొన్నినాళ్ళు ఆగి పుష్య అమావాస్యకు కెస్లాపూరు పోవుట మేలని తోచును. మెస్రం వంశస్థులు గోదావరి జలముతో నాగోబాకు అభిషేకము చేసిన పిదప దర్బారు కూడును. కలెక్టరుగారి యెదుట గోండులు, కోలాములు, ప్రధానులు అర్జీలు పట్టుకొని వరుసగా నిలుతురు. ఆ అర్జీలలో భూమి పట్టాలను గూర్చినవి నేటికిని తక్కువ కావు.